మోతుబరి అక్షరం

నేను పనిచేసిన పత్రికలో పెద్ద వార్తలకు మాత్రమే వాడే అక్షరం ఒకటి ఉండేది. కంప్యూటర్లో దానికి ఏదో ఇంగ్లీషు పేరు, పక్కన ఒక అంకె ఉండేవి గానీ డెస్కులో అందరం దాన్ని మోతుబరి అనేవాళ్ళం. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు. ఒక్కసారి చూసినవాడికి ఇంకో పేరు పెట్టాలని తోచదు. బాగా తిన్న ఒళ్ళు, నిబ్బరంగా ఆనించిన పాదాలు, గంజి పెట్టిన పంచె అంచులా తేలిన కొసలు. పెళ్ళి పందిట్లోకి దివిసీమ రైతు నడిచొచ్చి ముందు వరసలో కూర్చున్నట్టు పేజీ మీద కూర్చునేది. దాన్ని ఎవరూ కూర్చోమనక్కర్లేదు. జరగమనే ధైర్యం కూడా ఎవరికీ ఉండదు.

ఇంగ్లీషు అక్షరాల్లో కొన్నింటికి గీత ఆగే చోట చిన్న అడ్డగీత ఉంటుంది. నిచ్చెన జారకుండా కింద రాయి పెట్టినట్టు ఉంటుంది చూడండి, దాన్నే సెరిఫ్ అంటారు. మన అక్షరాలు గుండ్రాలు. వాటికి అలాంటి ఆసరా లేదు. ఉన్నదల్లా తలకట్టు. గోడల మీద అక్షరాలు రాసి రాసి పత్రికలో చేరిన మా ఆర్టిస్టు ఆ తలకట్టునే పట్టుకున్నాడు. దాన్ని మెలిపెట్టిన మీసంలా దిద్దాడు. గీత మొదలయ్యే చోటా ఆగే చోటా చిన్న మడమ పెట్టాడు. నిలువు వంపులకు కండ పట్టించి, అడ్డం వంపులను సన్నగా లాగాడు. ఒక్క సున్నాకే వారం రోజులు కూర్చున్నాడని చెప్పుకునేవారు. నిజమే అయ్యుంటుంది. ఆ సున్నాలో నలుపు ఎంతుందో మధ్యలో తెలుపు కూడా అంత గట్టిగా ఉన్నట్టు కనిపించేది.

అంత లావు అక్షరానికి పట్టింపులు కూడా ఉండేవి. మూడు నాలుగు మాటల కంటే ఎక్కువ మోయదు. చిన్న సైజులో వేస్తే కన్నాలన్నీ సిరాతో పూడిపోయి కాటుక చెరిగిన మొహంలా తయారవుతుంది. వత్తులకు కింద చోటివ్వకపోతే రెండో వరస నెత్తి మీద కాలు పెడుతుంది. వీటన్నిటికంటే పెద్ద పట్టింపు ఇంకొకటి. అది నసగదు. ‘అని తెలిసింది’, ‘అన్నట్టు సమాచారం’ లాంటి మాటలు ఆ అక్షరంలో పెడితే మోతుబరి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటున్నట్టుండేది. ప్రశ్నార్థకం అసలే పడేది కాదు. అనుమానం ఉంటే సన్నక్షరం వెయ్యండి, అది మనలాంటిదే, ఎటైనా వంగుతుంది అనేవాడు మా డెస్కు ఇన్‌చార్జి.

దాన్ని దింపాలంటే డెస్కులో ముగ్గురైనా ఔననాలి. ఎక్కడా రాసిపెట్టని రివాజు అది. పెద్దవాళ్ళ మరణాలు, ఎన్నికల ఫలితాలు, తుపాన్లు. ఎక్కువ భాగం చెడ్డ కబుర్లే. మంచి కబురుకు వాడిన రోజు నాకు బాగా గుర్తుంది. జూన్ దాటిపోతున్నా కాలువల్లోకి నీళ్ళు రాలేదు. డెల్టా అంతా నారుమళ్ళు ఎండి ఆకాశం వంక చూస్తోంది. బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలిన మర్నాడు మోతుబరిలో రెండే మాటలు వేశాం, ‘కాలువలకు నీళ్ళు’ అని. ఆ రోజు అవనిగడ్డ వైపు నుంచి ఒక పెద్దాయన బస్సెక్కి ఆఫీసుకొచ్చాడు. పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడగడానికేమీ లేదట. రోడ్డుకి అటుపక్క టీ కొట్లో వేలాడదీసిన పేపరును ఇటుపక్క నిలబడి కళ్ళజోడు లేకుండా చదివానని, ఆ మాట చెప్పడానికొచ్చానని అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

తరవాత పత్రిక రూపం మార్చారు. ఇప్పటి కుర్రకారుకి సన్నటి, గాలాడే అక్షరాలు కావాలన్నారు. మోతుబరి మూలపడింది. కొన్నాళ్ళకు నేనూ రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పారు. కంప్యూటర్లు చూసుకునే మిత్రుడు యాజమాన్యాన్ని అడిగి, ఒప్పించి, ఆ అక్షరాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి నా చేతిలో పెట్టాడు. శాలువా మా ఆవిడ ఎవరికో ఇచ్చేసింది. పెన్‌డ్రైవ్ మాత్రం నా దగ్గరే ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట వాడాలన్న కోరిక కూడా ఉంది. అదే కొంప ముంచింది.

మా బావమరిది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉద్యోగి. కాపురం గుణదలలో. అతని భార్య నాకు వరసకు చెల్లెలు. ఆ పక్కనే ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో టీచర్లందరూ అన్నం ఇంటి నుంచి, కూర కర్రీ పాయింటు నుంచి తెచ్చుకోవడం, ఏ మూత తీసినా ఒకే ఎర్రటి గ్రేవీ కనబడటం ఆవిడ ఇరవై ఏళ్ళూ చూసింది. తన బాక్సులోని కూర తనకు ఎప్పుడూ మిగిలేది కాదు. ఆ లెక్క ఎటు తేలుతుందో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వేసవి సెలవులివ్వగానే ఇంటి కింది వాటా ఖాళీ చేయించి కర్రీ పాయింటు పెడతానంది.

స్కూలు కరస్పాండెంటు మంచి మనిషి. స్కూళ్ళు తెరిచేదాకా మీ సీటు ఎవరికీ ఇవ్వను, తెరిచే వారంలో ఏదో ఒకటి చెప్పండి అన్నాడట. అంటే ఆవిడ చేతిలో ఉన్నది ఆ ఒక్క ఎండాకాలం. మా బావమరిది పోతే పోనీ, మళ్ళీ స్కూలుకి వెళ్తుంది అనుకున్నాడు. ఆవిడ మాత్రం మా ఇంటికొచ్చినప్పుడు చెప్పింది. “తిరిగి వెళ్ళడం పెద్ద కష్టం కాదండి అన్నయ్యగారూ. ఎనిమిదో తరగతి పిల్లలున్నారే, వాళ్ళకి అన్నీ తెలుస్తాయి. కూరల టీచరొచ్చింది అని వెనక బెంచీ వాడు అంటాడు. ఆ తర్వాత నేను బోర్డు మీద ఏం రాసినా వాళ్ళకి కూరే కనబడుతుంది.”

కొట్టు పేరు తనే పెట్టుకుంది. ‘సంతృప్తి.’ బోర్డు సంగతి మాత్రం పేపర్లో పనిచేసినవారు కదా, మీరే చూడండి అంది. నేను ఆ రాత్రి భోజనం కూడా స్థిమితంగా చేయలేదు.

గవర్నర్‌పేటలో ఒక మేడ మీద ఫ్లెక్సీలు వేసే షాపుంది. అక్కడి డీటీపీ ఆపరేటరు యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని పనిచేస్తాడు. నేను పెన్‌డ్రైవ్ ఇచ్చి, పేరు చెప్పి, పక్కన కూర్చున్నాను. తెర మీద ‘సంతృప్తి’ పడింది. ఏం చెప్పను! సున్నా నిండుకుండలా ఉంది. త కింద సుడి ఒడుపుగా తిరిగింది. చివర ప మీద గుడి, కింద త వత్తు. ఐదారు ఒంపులు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా సర్దుకుని కూర్చున్నాయి. ఆ ఆర్టిస్టు ఈ మాట కోసమే అక్షరాలు గీశాడా అనిపించింది.

ఆపరేటరు మునివేళ్ళు టేబులు మీద ఆడించి, రంగులేం వేద్దామని అడిగాడు. ఎర్రటి అక్షరాలకి పసుపు అంచు, వెనక నీడ, రెండు వైపులా గుత్తి వంకాయ, గోంగూర ఫోటోలు అని తనే సలహా ఇచ్చాడు. తెలుపు మీద నలుపు, ఫోటోలు వద్దు అన్నాను. కర్రీ పాయింట్ అన్న మాట కింద చిన్నగా, ఉపశీర్షికలా రావాలన్నాను. అతను కళ్ళజోడు కిందకు దించి నన్ను చూశాడు.

“చనువు తీసుకుంటున్నానని అనుకోకండి సార్. ఇది కర్రీ పాయింటుకాండి, సంతాప సభకా?”

అక్షరం తన బలం మీద తను నిలబడాలని, రంగులు పూసేది బలం లేనివాటికని అతనికి చాలాసేపు చెప్పాను. ఎదురు మాట్లాడకుండా విన్నాడు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పని తరం అతనిది. ప్రింటు తీసి చుట్టి ఇచ్చాడు.

మొదటి రోజు కొబ్బరికాయ కొట్టాం, చుట్టాలందరూ తలో పొట్లం కొనుక్కెళ్ళారు. రెండో రోజు నుంచి అసలు కథ. జనం ఆగుతున్నారు. స్కూటరు స్లో చేసి మరీ తలెత్తి బోర్డు చదువుతున్నారు. చదివి వెళ్ళిపోతున్నారు. మూడో రోజు ఒక ముసలాయన లోపలికి తొంగిచూసి, ఎవరమ్మా సంతృప్తి వ్యక్తం చేసింది, కలెక్టరా మంత్రా అని అడిగాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. తరవాత వచ్చినవాళ్ళు అలా కాదు. ఒకాయన పొలం పాస్‌బుక్ పోయిందని ప్రకటన వేయించడానికొచ్చాడు. కాలనీ సంఘం కార్యదర్శి మురుగుకాలువ గురించి ప్రెస్‌నోటు తెచ్చి, ఫోటో కూడా ఉందమ్మా, రేపటికి రావాలి అని చేతిలో పెట్టి వెళ్ళాడు. ఒక కుటుంబం పెద్దకర్మ ప్రకటన కోసం ఫోటో పట్టుకుని వచ్చింది. వాళ్ళను ఆవిడ కుర్చీల్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పత్రికాఫీసు ఎక్కడో దారి చెప్పి పంపింది. అన్నేళ్ళు పొద్దున్నే చూసిన అక్షరం కదా, జనం దాన్ని చదవలేదు, గుర్తుపట్టారు. బ్రాంచి ఆఫీసు తెరిచారనుకున్నారు.

బావమరిది ఫోన్లో ఇవన్నీ చెబుతుంటే నేను పడీ పడీ నవ్వాను. నా అక్షరాన్ని ఊరు మర్చిపోలేదన్న సంబరం కూడా కొంచెం ఉంది. అటువైపు నవ్వు లేదు. నాలుగు గిన్నెలు చేస్తే మూడు మిగులుతున్నాయని, సాయంత్రం ఆ కూరలు ఇరుగుపొరుగుకు పంచుతోందని, వాళ్ళిప్పుడు ఊరికే వస్తుంది కదా అని కొనడం కూడా మానేశారని చెప్పాడు. ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి అంతా విని బయటికొచ్చింది.

“జీవితమంతా ఊళ్ళోవాళ్ళ చావులు పెద్దక్షరాలతో వేశారు. సరే, అది ఉద్యోగం. మా తమ్ముడి పెళ్ళాం కొట్టు పెట్టుకుంటే దాన్ని కూడా అందులో కలిపేశారు కదండీ.”

మర్నాడు గుణదల వెళ్ళి కొట్టు ఎదురుగా వేపచెట్టు నీడన స్టూలేసుకుని కూర్చున్నాను. రోహిణి కార్తె ఎండ. పదకొండు నుంచి రెండు దాకా బోర్డు చదివినవాళ్ళ మొహాలు చూశాను. పేపరు బంకు దగ్గర పొద్దున్నే కనిపించే మొహాలే అవి. వేలాడదీసిన పేపరులో పెద్ద హెడ్డింగు చదివి, ఓహో అనుకుని, కొనకుండా పోయేవాళ్ళను మేం జీవితమంతా తిట్టుకున్నాం. వాళ్ళే ఇక్కడా వస్తున్నారు. నేను లేచి లోపలికి వెళ్ళి, అక్షరం సైజు తగ్గిద్దామా, కొంచెం పక్కకు జరుపుదామా అని ఏదో అంటున్నాను. ఆవిడ వంకాయలు తరుగుతూ వింది.

“మీ అక్షరం బాగానే ఉందండి అన్నయ్యగారూ. చెప్పడానికి దానికేమీ లేదు, అంతే.”

నేను రాసిన హెడ్డింగుల మీద చాలామంది చాలా అన్నారు. ఇంత క్లుప్తంగా ఎవరూ అనలేదు. పేరు వార్త కాదు. ఆ ముక్క మొదటి నెల ట్రైనీలకు చెప్పేవాణ్ణి, నాకే తట్టలేదు.

ఆ సాయంత్రమే గవర్నర్‌పేట వెళ్ళాను. ఎరుపు, పసుపు, నీడ, గుత్తి వంకాయ, గోంగూర, అక్షరం కూడా మీ ఇష్టం అన్నాను ఆపరేటరుతో. అతను కళ్ళజోడు దించుకోకుండా చకచకా చేసిచ్చాడు. బోర్డు మారింది. ప్రకటనలవాళ్ళు రావడం మానేశారు. మోతుబరిని మాత్రం చెల్లెమ్మ వదల్లేదు. రోజూ ఏదో ఒక కూర ఉంటుంది కదా, అది రాయండి అంది. నేను ఇంట్లో కంప్యూటరు మీద పేర్చి, జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, పొద్దున్నే వెళ్ళి గేటుకు కట్టేవాణ్ణి. ఫ్లెక్సీ కింద తెల్ల కాగితం, నల్లటి అక్షరాలు.

మొదటి కాగితానికి నేను రాసింది: ‘నేటి ప్రత్యేక ఆకర్షణగా పనసపొట్టు కూర’. ఆవిడ ఎర్ర పెన్ను తీసుకుంది. ఆ పెన్ను ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుంది, కూరల లెక్క కూడా దాంతోనే రాస్తుంది. నేటి కొట్టేసింది. ప్రత్యేక ఆకర్షణ కొట్టేసింది. చివర రెండు మాటలు చేర్చింది. ‘పనసపొట్టు కూర. ఆవ పెట్టి.’

ఆ రోజు ఒంటిగంటన్నరకు పనసపొట్టు గిన్నె ఖాళీ. ఆవ పెట్టి అన్న మాట చదివి స్కూటరు దిగినవాళ్ళను నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి, కంద బచ్చలి. కొంచెం కొంచెంగా మిగులు తగ్గింది. అయినా నాలుగు గిన్నెల్లో రెండే పోయేవి. స్కూళ్ళు తెరవడానికి పది పన్నెండు రోజులే ఉన్నాయి. బావమరిది సాయంత్రాలు గిన్నెల మూతలు తీసి చూసి, మళ్ళీ మూసేసేవాడు. ఆవిడ అలమరలో స్కూలుకి కట్టే చీరలు దులిపి మడతపెట్టుకోవడం మా ఆవిడ చూసి నాతో చెప్పింది.

అప్పుడు నేనొక తప్పు చేశాను. పత్రికల్లో పెరిగినవాళ్ళే చేసే తప్పు అది. మేం రేపు జరగబోయేది ఈరోజే అయిపోయినట్టు రాసేసే మనుషులం. సభ జరగకముందే సభ పేజీ సిద్ధం చేసి, వక్తలొచ్చాక పేర్లు మాత్రం సరిచేసుకుంటాం. ప్లాంటు గేటు దగ్గర ఒకావిడ చింతచిగురు అమ్ముతుందని, పొద్దున్నే డ్యూటీ దిగి తెస్తానని బావమరిది ముందురోజు చెప్పాడు. చింతచిగురంటే గుణదల కదిలొస్తుందని నాకు తెలుసు. ‘చింతచిగురు పప్పు. ఈరోజే’ అని సాయంత్రమే ప్రింటు తీయించాను. పొద్దున్న దాన్ని గేటుకు కట్టి, గవర్నర్‌పేటలో పాత మిత్రుడు ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళిపోయాను. చిగురు అమ్మే ఆవిడ ఆ రోజు రాలేదు. బావమరిది నాకంటే ముందే ఉత్త చేతులతో ఇంటికొచ్చి పడుకున్నాడు. కాగితం రోడ్డువైపు తిరిగి ఉంది కాబట్టి లోపలున్న చెల్లెమ్మకు కనబడలేదు.

జనం మాత్రం వచ్చారు. అన్ని రోజుల్లోకీ ఎక్కువమంది ఆ రోజే వచ్చారు. చిగురు పప్పు లేదంటే మొహాలు మాడ్చుకున్నారు. ఎదురింటి మేడ మీద ఉండే ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ డ్యూటీకి పోతూ పోతూ గట్టిగానే అందట. “పేపరు అక్షరాలతో రాశారు కదా అని నమ్మామండి. మా బుద్ధి గడ్డి తింది.” వేరే కూర తీసుకోండి అంటే వినకుండా వెళ్ళిపోయిందట.

సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి కౌంటరు మీద ఉంది. టీచర్లు బాగా కోపమొచ్చినప్పుడు గొంతు తగ్గిస్తారు. రేపు సవరణ వేయాలండి అంది చెల్లెమ్మ, అంతే. అదేమంత పని అనుకున్నాను. సవరణలు రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పత్రికలో దానికొక పద్ధతుంది. లోపలి పేజీలో, టెండరు నోటీసుల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తాం. తప్పు మొదటి పేజీలో ఏనుగంత పడినా సరే, సవరణ అక్కడే. నేను అప్పుడే ఇంటికెళ్ళి, అలవాటు ప్రకారం కాగితం అడుగున చిన్నక్షరాల్లో రెండు వరసలు పేర్చి తెచ్చాను. ‘సవరణ: సాంకేతిక కారణాల వల్ల నిన్నటి ప్రకటనలో పేర్కొన్న చింతచిగురు పప్పు అందుబాటులో లేకపోవడం జరిగింది. గమనించగలరు.’

ఆవిడ చదివి ఎర్ర పెన్ను కూడా తియ్యలేదు.

“సాంకేతిక కారణం ఏంటండి అన్నయ్యగారూ? చిగురు రాలేదు. మనం ఆగలేదు. అంతే కదా.”

అయినా ఇంత చిన్నక్షరాల్లో ఎవరికి కనబడుతుంది అని అడిగింది. కనబడకూడదనే అలా వేస్తామని చెప్పాను. నిజమే చెప్పాను.

“బోర్డు మీద లెక్క తప్పు చేస్తే బోర్డు మీదే కొట్టేసి మళ్ళీ చేసేదాన్నండి. పిల్లాడి నోటుబుక్కులో మూల మీద చెయ్యలేదు. ఏ సైజులో తప్పు రాశామో ఆ సైజులోనే ఒప్పుకుందాం.”

తనే కాగితం మీద రాసిచ్చింది. ఆ రాత్రి దాన్ని పేర్చడానికి కూర్చున్నాను. మోతుబరిలో మరణాలు పేర్చాను, గెలుపులు పేర్చాను, నీళ్ళు పేర్చాను. క్షమాపణ ఎప్పుడూ పేర్చలేదు. అంత లావు అక్షరం తల దించితే వెకిలిగా ఉంటుందేమోనని భయం. ప్రింటు తీయించే ముందు బావమరిదికి ఫోన్ చేసి, చిగురు ఇంటికొచ్చిందా అని రెండుసార్లు అడిగాను. ఈసారి అతను ఆ అమ్మే ఆవిడ ఇల్లు ఎక్కడో కనుక్కుని, మధ్యాహ్నమే వెళ్ళి గంపలో సగం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడట. కళ్ళతో చూశావా అన్నాను. చేత్తో దూశాను బావా, ఇంక ప్రింటు కొట్టు అన్నాడు.

పొద్దున గేటుకు కట్టింది ఇది:

‘నిన్న చింతచిగురు పప్పు అన్నాం.
చెయ్యలేదు.
తప్పు మాది.
ఈరోజు ఉంది.’

రోడ్డు అటువైపుకి వెళ్ళి నిలబడి చూశాను. మూడో వరస చూసి చాలాసేపు ఆగిపోయాను. ఆ అక్షరం వెకిలిగా లేదు. పాదాలు ఎప్పటిలాగే ఆనించి నిలబడింది. ‘తప్పు మాది’ అన్న రెండు మాటలూ దానికి కొత్తగా కుట్టించిన చొక్కాలా పట్టాయి. తప్పు నాది. ఆవిడ మాది అని రాసింది.

మొదట ఆగింది పాలవాడు. చదివి, వెనక్కి వచ్చి మళ్ళీ చదివి, నవ్వుకుంటూ వెళ్ళాడు. తర్వాత ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఫోన్లు తీసి ఫోటో కొట్టారు. కాలనీ సంఘం కార్యదర్శి చదివి, ఇలాంటిది మా కార్పొరేషన్ వాళ్ళ చేత రాయించాలండి అన్నాడు. ఆయన ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి ఎన్ని గ్రూపులకు పాకిందో మా ఆవిడకు మధ్యాహ్నానికి మచిలీపట్నం నుంచి ఆడపడుచు పంపింది, ఇది ఎవరో చూడు వదినా, ఎంత బాగుందో అని. నర్సమ్మ డ్యూటీ నుంచి వస్తూ ఆగింది. కాగితాన్ని కింది నుంచి మీదికి, మీది నుంచి కిందికి చదివింది. లోపలికి వెళ్ళి రెండు పొట్లాలు కట్టమంది. నిన్న నేనన్నది మనసులో పెట్టుకోకండి అంది. మీరనబట్టే కదండీ రాశాం అంది చెల్లెమ్మ. ఒంటిగంటకు పప్పు అయిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు, అయిపోయిందా, నిజంగానే చేశారన్నమాట అని, వేరే కూరలు పట్టుకెళ్ళారు.

ఆ ఒక్క రోజుతో కొట్టు నిలబడిపోయిందని రాస్తే అది హెడ్డింగు అవుతుంది గానీ నిజం కాదు. మర్నాడు మామూలే. మూడో నాడు కొంచెం ఎక్కువ. కానీ కాగితం మీద ఏం రాస్తే అది లోపల ఉంటుందన్న నమ్మకం ఆ వీధికి కుదిరింది. ఉప్పు కాస్త ఎక్కువైన రోజు ఆవిడ దాన్నీ రాయించింది: ‘బీరకాయలో ఉప్పు ఎక్కువ. పెరుగన్నంలోకి బాగుంటుంది.’ అదీ అమ్ముడుపోయింది. ప్లాంటులో బావమరిది తోటివాళ్ళు డ్యూటీకి వెళ్తూ ముందే ఫోన్ చేసి, ఈరోజు కాగితమేంటి అని అడగడం మొదలుపెట్టారు. కూరేంటి అనడం లేదు, కాగితమేంటి అంటున్నారు. అతను ఇప్పుడు సాయంత్రాలు గిన్నెల మూతలు తీసి చూసి, కడగడానికి పెరట్లో వేస్తున్నాడు.

నేను ఆవిడకు కంప్యూటరు మీద పేర్చడం నేర్పాను. వారంలో నేర్చుకుంది. ప్రింటు ఇప్పుడు పొద్దున పది దాటాక, కూర పొయ్యి మీద నుంచి దిగాకనే తీస్తుంది. నేను వెళ్ళేది కాగితం కట్టడానికి, వాసన చూడటానికి.

స్కూళ్ళు తెరిచే వారం వచ్చింది. సోమవారం పొద్దున నేను గేటు దగ్గర కాగితం సూటిగా ఉందో లేదో చూసుకుంటుండగా లోపల ఫోన్ మోగింది. కరస్పాండెంటు గారు. చెల్లెమ్మ పొయ్యి మీద నుంచి దించిన గోంగూర కలుపుతోంది. ఎడమ చేత్తో ఫోను చెవికి ఆనించుకుంది. నమస్కారం సార్, బాగున్నానండి అంది. ఆయన ఏదో అడిగాడు. ఆవిడ చేతిలో గరిటె తిరుగుతూనే ఉంది. బావమరిది గుమ్మం దగ్గర సంచి పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు.

“లేదండి సార్. నేనింక రాను. సీటు ఎవరికైనా ఇచ్చెయ్యండి” అంది. గొంతులో తొందర లేదు. ఆయన అటువైపు నుంచి పెద్దగానే ఏదో అన్నాడు గానీ నా దాకా రాలేదు. ఆవిడ విని, గరిటె గిన్నె అంచుకు తట్టి పక్కన పెట్టింది.

“గోంగూరండి. ఎండుమిరపకాయలు వేయించి కలిపాను. స్టాఫ్ రూముకి ఎన్ని పొట్లాలు కట్టమంటారు?”